హాట్ రాడ్ మోడల్‌కి ఏ బాడీ మేలు: ప్లాస్టిక్ కిట్టా, డైకాస్టా, రెజినా?

హాట్ రాడ్ (వేగం కోసం కోసి, మార్చుకున్న పాత కారు) మోడల్ చేద్దామని కూర్చున్నవాళ్లలో చాలామంది ముందు రంగు గురించే ఆలోచిస్తారు. ఎరుపా, నలుపా, ముందు భాగంలో మంటలు వేయాలా వద్దా? నేనూ అలాగే మొదలుపెట్టాను. ముందు తేల్చుకోవాల్సింది అది కాదు. రూఫ్ కోస్తారా, కోయరా? ఇది తేలితే ఏ బాడీ తీసుకోవాలో సగం తేలిపోయినట్టే.

రూఫ్‌కి ఇంత పట్టింపు ఎందుకంటే, హాట్ రాడ్ పుట్టిందే కోతల్లోంచి. 1930లు, 40లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డ్ బండ్లు తీసుకుని, ఫెండర్లు (చక్రాల మీది రేకు కప్పులు) పీకేసి, మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పరిగెత్తించేవారు. 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడి ఆ పరుగులకు ఒక పద్ధతి తెచ్చింది. గాలి తగలడం తగ్గాలని కిటికీ పిల్లర్లు కోసి రూఫ్‌ని కిందికి దించేవారు. దాన్నే చాప్ అంటారు. వేగం కోసం మొదలైన ఆ పని తర్వాత అందం కోసం కూడా చేయడం మొదలైంది. అందరూ ఎగబడే బండి 1932 ఫోర్డ్, ముద్దుపేరు ‘డ్యూస్’. 221 క్యూబిక్ అంగుళాల ఫ్లాట్‌హెడ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, 65 హార్స్‌పవర్‌తో, ఆ ఏడాదే మామూలు మనిషి కొనగలిగే కారులోకి వచ్చింది.

అసలు బండి రూఫ్‌ని మూడు అంగుళాలు దించితే, 1/25 స్కేల్లో, అంటే అసలు బండిలో ఇరవై అయిదో వంతు సైజులో, అది సుమారు 3 మిల్లీమీటర్లు. ఆ 3 మిల్లీమీటర్ల దగ్గరే మూడు రకాల బాడీల గుణం బయటపడుతుంది.

ముందు ప్లాస్టిక్ కిట్. ఇది పాలిస్టైరిన్. మోడల్ సిమెంట్ దీన్ని అంటించదు, కరిగించి కలిపేస్తుంది. ఆరాక అతుకు ఉన్నచోట కొత్త ప్లాస్టిక్కే ఉంటుంది. కోతలో తప్పు జరిగినా మళ్లీ చేసుకోవచ్చు అన్న ధైర్యం అక్కడి నుంచే వస్తుంది. పిల్లర్ మీద 3 మిల్లీమీటర్ల వెడల్పు మాస్కింగ్ టేప్ ముక్క అంటించి, దాని పై అంచు వెంట ఒకసారి, కింది అంచు వెంట ఒకసారి రేజర్ సా (సన్న పళ్ల చిన్న రంపం) నడిపితే చాలు. రంపాన్ని నొక్కకూడదు, దాని బరువుతోనే నడవనివ్వాలి. నేను మొదటిసారి తొందరపడి నొక్కాను. నాలుగో పిల్లర్ తెగకుండానే విరిగింది. ఫ్రేమ్‌లో మిగిలిన స్ప్రూ (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ కాడలు) ముక్కల్ని సిమెంట్‌లో నానబెట్టి చేసుకున్న పేస్ట్‌తో దాన్ని నిలబెట్టాను. రెండు రోజులు ఆరనిచ్చి ఆకురాయితో రుద్దాక ఎక్కడ విరిగిందో నాకే కనిపించలేదు. అదే పొరపాటు రెజిన్ మీద జరిగి ఉంటే సరిచేయడం ఇంత తేలిక కాదు.

1932 ఫోర్డ్‌తో ఇంకో సుఖం ఉంది. దాని పిల్లర్లు దాదాపు నిటారుగా ఉంటాయి కాబట్టి రూఫ్ నేరుగా కిందికి దిగి కూర్చుంటుంది. 1949 మెర్క్యురీ లాంటి బండిలో పిల్లర్లు లోపలికి వాలి ఉంటాయి. రూఫ్ దించగానే పై సగం, కింది సగం కలవవు. రూఫ్‌ని రెండుగానో నాలుగుగానో కోసి, మధ్యలో ముక్కలు చేర్చాల్సి వస్తుంది. మొదటి చాప్‌కి మెర్క్యురీని ఎంచుకోవడం కోరి తలనొప్పి తెచ్చుకోవడమే.

కిట్‌లో ఇంకో లాభం, పెట్టెలో మిగిలే భాగాలు. 1958లో ఏఎంటీ అనే అమెరికన్ కంపెనీ ‘త్రీ ఇన్ వన్’ (ఒకే కారుని మూడు రకాలుగా చేసుకునే) కిట్లు మొదలుపెట్టినప్పటి నుంచి అమెరికన్ కార్ కిట్లలో అదనపు చక్రాలు, కార్బురేటర్లు ఇచ్చే అలవాటు కొనసాగుతోంది. రెండు మూడు కిట్లు చేశాక మీ దగ్గర ఒక చిన్న స్పేర్ పార్ట్స్ డబ్బా తయారవుతుంది. కస్టమ్ పని అసలు అక్కడే ఊపందుకుంటుంది. క్రోమ్ భాగాల మెరుపు నచ్చకపోతే గుడ్డలు తెల్లబరిచే బ్లీచ్‌లో వేయండి, కాసేపటికి ఊడిపోతుంది. క్రోమ్ మీద సిమెంట్ పట్టదు, అతికించే చోట దాన్ని గీకేయాలి. ఇది మర్చిపోయి ఇంజిన్ మొత్తం బిగించాక ఎగ్జాస్ట్ పైపు రాలి పడిన రోజులున్నాయి.

ఇక డైకాస్ట్. జింక్ మిశ్రమంతో పోతపోసిన బాడీ. చేతికి బరువు తగులుతుంది, తలుపులు తెరుచుకుంటాయి, ఫ్యాక్టరీ పెయింట్ చాలా నునుపుగా ఉంటుంది. చక్రాలు మార్చి, స్టాన్స్ (బండి నిలబడే ఎత్తు) కిందికి దించి, రంగు మార్చాలనుకుంటే దీన్ని మించింది లేదు. చాలా బండ్లు కింద స్క్రూలతోనో రివెట్లతోనో బిగించి ఉంటాయి. రివెట్ తలను డ్రిల్ చేస్తే బాడీ విడిపోతుంది. పెయింట్ స్ట్రిప్పర్ పూస్తే పాత రంగు ముడతలు పడి లేచి వస్తుంది. అక్కడిదాకా హాయిగానే ఉంటుంది.

రూఫ్ దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారిపోతుంది. కత్తితో గీత కూడా పడదు. నగలపని రంపమో, తిరిగే కటింగ్ డిస్కో కావాలి. డిస్క్ తిరిగితే లోహపు పొడి ఎగురుతుంది, కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. మళ్లీ కలపడానికి సిమెంట్ పనికిరాదు, రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు కావాలి. పిల్లర్ సన్నం కాబట్టి లోపల చిన్న తీగ ముక్క దింపకపోతే అతుకు నిలవదు. పైగా ఆ తెరుచుకునే తలుపులే శత్రువులవుతాయి. కిటికీ ఫ్రేమ్ తలుపుతో పాటు ఉంటే దాన్నీ అంతే కోయాలి, లేకపోతే తలుపు మూయగానే వంకర కనిపిస్తుంది. నా ఉద్దేశంలో, చాప్ చేయాలనుకున్నవాళ్లు డైకాస్ట్ జోలికి పోకపోవడమే మంచిది. రోడ్‌స్టర్ అయితే వేరు సంగతి. దానికి గట్టి రూఫే ఉండదు, కాబట్టి డైకాస్ట్ చక్కగా సరిపోతుంది.

రెజిన్ బాడీ మూడోది. రెజిన్ అంటే అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్. చాప్ చేసి, పిల్లర్లు సరిచేసి, అచ్చు పోసి ఇస్తారు. కష్టమైన భాగం ఎవరో చేసిపెట్టినట్టే. మరి అందరూ దీన్నే ఎందుకు తీసుకోరు? ముందుగా, ఇది బాడీ మాత్రమే. ఛాసిస్, ఇంజిన్, చక్రాలు ఏదో ఒక కిట్ నుంచి తెచ్చుకోవాలి. అంటే ఎటూ కిట్ కొనక తప్పదు. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు పదార్థం ఇంకా దాని మీదే ఉంటుంది. గిన్నెలు కడిగే సబ్బుతో, పాత టూత్ బ్రష్‌తో కడగకపోతే ప్రైమర్ పొరలుగా లేస్తుంది. సూది మొన లాంటి గాలి రంధ్రాలు ప్రైమర్ వేశాకే బయటపడతాయి. పక్కలు వంగి ఉంటే వేడినీళ్లలో ముంచి మెల్లగా సరిచేయొచ్చు. దీని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడి సాండ్ పేపర్‌తోనే రుద్దాలి. 3డీ ప్రింట్ బాడీలకు కూడా ఇదే వర్తిస్తుంది, కాకపోతే రంధ్రాల బదులు పొరల గీతలు రుద్దుకోవాలి.

రెజిన్ కొనేముందు స్కేల్ చూసుకోండి. అమెరికన్ కిట్లు ఎక్కువగా 1/25, జపాన్ కిట్లు ఎక్కువగా 1/24. చూడటానికి తేడా లేనట్టే ఉంటుంది. కానీ డ్యూస్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 106 అంగుళాలు. 1/25లో అది 107.7 మిల్లీమీటర్లు, 1/24లో 112.2. ఆ నాలుగున్నర మిల్లీమీటర్లకి చక్రం ఫెండర్ మధ్యలో కాకుండా ఒక పక్కకి జరిగి కనిపిస్తుంది. ఇంజిన్, టైర్లు అటూ ఇటూ మార్చుకున్నా ఎవరూ పట్టించుకోరు. బాడీ, ఛాసిస్ మాత్రం ఒకే స్కేల్లో ఉండాలి.

రంగు దగ్గర మూడింటికీ పద్ధతి వేరు. లోహం మీద లాకర్ (త్వరగా ఆరే ఒక రకం పెయింట్) ఎంత ఘాటుదైనా బాధలేదు. ప్లాస్టిక్ మీద ప్రైమర్ లేకుండా ఘాటు లాకర్ కొడితే ఉపరితలం సన్నగా పగుళ్లు తేలి పాడవుతుంది. ఎనామెల్ మీద లాకర్ వేస్తే ముడతలు పడుతుంది, ఇది ఏ బాడీ మీదైనా అంతే. క్యాండీ రంగు వేయాలంటే వెండి రంగు మీద పారదర్శకమైన ఎరుపు పలచగా పొరలు పొరలుగా పడాలి. ఒక పక్క ఒక పొర ఎక్కువైతే ఆ పక్క చిక్కబడుతుంది, తర్వాత దాచలేం.

కాబట్టి మొదటిసారి కూపే (గట్టి రూఫ్ ఉన్న రెండు తలుపుల కారు) కోయాలనుకుంటే 1/25 ప్లాస్టిక్ కిట్ తీసుకోండి, వీలైతే అలాంటివే రెండు. ఒకటి పాడుచేసుకోవడానికి. రెండు మూడు బండ్లు చేసి, రూఫ్ కంటే రంగు మీద సమయం పెట్టాలనిపించినప్పుడు రెజిన్ తీసుకోండి. మూడింటిలో దేనికైనా వచ్చే చిక్కు ఒకటుంది. దించిన రూఫ్ కింద కిట్‌లోని అద్దం పట్టదు. దాన్ని కోస్తే పగులుతుంది, సూపర్ గ్లూతో అంటిస్తే ఆవిరికి తెల్లగా మసకబారుతుంది. పలచటి పారదర్శక షీట్‌ని కత్తెరతో కత్తిరించి, ఆరితే గాజులా కనిపించే తెల్ల జిగురుతో లోపల నుంచి అంటించండి. ఆ పని రంగు వేయడమంతా అయ్యాక, చిట్టచివర చేయండి.