పొద్దున్నే స్టార్ట్ కాని బండికి తెనాలి కాలవ గట్టు మీది షెడ్డు

నాది పేపర్ ఏజెన్సీ. తెల్లవారుజామున నాలుగింటికల్లా వ్యాన్ ఆగే చోట ఉండి కట్టలు దించుకోవాలి. బండి మొరాయించిందంటే ఆ రోజు లైన్లన్నీ ఆలస్యమే. ఏడు దాటితే ఇక ఫోన్లే ఫోన్లు. అందుకే బండి స్టార్టింగ్ అంటే నాకంత టెన్షన్.

హీరో హోండా పేరుతో వచ్చిన పాత స్ప్లెండర్ నాది. కిక్కే తప్ప సెల్ఫ్ లేదు. చలికాలం మొదలయ్యాక పొద్దుటిపూట కిక్ కొట్టీ కొట్టీ కాలు పీకేది. ఎలాగో అందుకున్నా, ఎక్సలేటర్ వదిలితే చాలు, ఆగిపోయేది. రోడ్డెక్కాక మాత్రం పికప్‌లో ఏ తేడా లేదు. మధ్యాహ్నం ఒక్క కిక్కుకే లేచేది. మొదట ఇంకో చోట చూపించాను. బ్యాటరీ మార్చారు, ప్లగ్గు మార్చారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే బాధ. ఈసారి ఇంజన్ విప్పి బోరు చేయించాలన్నారు, అంటే అరిగిన సిలిండర్‌ను లోపల సాపు చేయించడం. ఆ ఖర్చు వినే కాలవ గట్టు మీది మేస్త్రి దగ్గరికి వెళ్లాను.

పెద్దాయన. బండిని ముట్టుకోకుండా ముందు మూడు విషయాలు అడిగాడు. చల్లగా ఉన్నప్పుడు ఇబ్బందా, వేడి మీదా? చోక్ (చల్లటి ఇంజన్‌కు గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) వేస్తే ఏమైనా తేడా ఉందా? ఎక్సలేటర్ తిప్పకుండా స్లోలో నిలబడుతోందా? నేను చెప్పిందంతా విని, "రాత్రికి ఇక్కడే పెట్టి వెళ్లు బాబూ, చల్లబడితే గాని దీని సంగతి తేలదు" అన్నాడు. బండి ఎప్పుడు మొరాయిస్తుందో అప్పుడే చూడాలని నాకింతవరకూ ఏ మెకానిక్కూ చెప్పలేదు. మర్నాడు మా బావమరిది బండి మీద లైన్లు ముగించుకుని వెళ్లేసరికి, నా బండి పెట్టింది పెట్టినట్టే ఉంది. నా ఎదురుగానే మొదలుపెట్టాడు.

చోక్ వేసి వరసగా కిక్కులు కొట్టి, వెంటనే ప్లగ్గు విప్పి నా చేతిలో పెట్టాడు. పొడిగా ఉంది. అన్ని కిక్కులకి పెట్రోలు లోపలికి వస్తే ప్లగ్గు మొన తడిసి, వాసన కొట్టాలి. ప్లగ్గును మళ్లీ క్యాపులో పెట్టి, దాని ఇనుప భాగాన్ని ఇంజన్ హెడ్డుకు ఆనించి కిక్ కొట్టించాడు. చిటుక్కుమని నీలం నిప్పు దూకింది. కరెంటు బాగానే ఉంది. ప్లగ్గు రంధ్రానికి బొటనవేలు అడ్డం పెట్టి మళ్లీ కొట్టమన్నాడు. లోపలి గాలి వేలిని గట్టిగా తోసేసింది. "బోరు ఎందుకు చేయించడం? కంప్రెషన్ నిక్షేపంగా ఉందిగా" అన్నాడు. ఇక మిగిలింది పెట్రోలు ఒక్కటే.

బ్యాటరీ సంగతి కూడా తేల్చేశాడు. ఈ పాత మోడల్‌లో ప్లగ్గుకు కరెంటు ఇంజన్‌తో తిరిగే మాగ్నెట్ దగ్గరి కాయిల్ నుంచే సీడీఐకి (ప్లగ్గుకు నిప్పు అందించే చిన్న డబ్బాకి) వెళ్తుంది, బ్యాటరీతో పని లేదు. పనంతా అయ్యాక బ్యాటరీ వైరు ఊడదీసి మరీ స్టార్ట్ చేసి చూపించాడు.

పెట్రోలు, గాలి కలిపి ఇంజన్‌కు ఇచ్చే కార్బురేటర్ కింద కప్పు ఉంటుంది కదా, దాని డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోలును గాజు సీసాలోకి పట్టాడు. కాసేపు కదలకుండా ఉంచితే అడుగున వేరే పొర కనబడింది, దాని కింద గోధుమరంగు నలుసు. నీళ్లు, తుప్పు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది తేమను పీల్చుకుంటుంది. నీళ్లు హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు దిగిపోతాయి. మా వీధిలో బండి పెట్టడానికి నీడ లేదు. ట్యాంకు మూత రబ్బరు గట్టిపడి వాన నీళ్లు దిగుతున్నాయట. ఆ నీళ్లకు ట్యాంకులో తుప్పు పట్టింది. పెట్రోలు ట్యాపు జాలీ చిరగడంతో ఆ నలుసంతా వచ్చి పైలట్ జెట్‌లో ఇరుక్కుంది. స్టార్టింగుకీ, స్లోకీ పెట్రోలు ఇచ్చేది ఆ సన్నటి జెట్టే. ఎక్సలేటర్ తిప్పాక పని మెయిన్ జెట్‌ది కాబట్టి రోడ్డు మీద తేడా కనబడలేదు.

జెట్టును వెలుతురుకు ఎదురుగా పట్టి నన్ను చూడమన్నాడు. చుక్కంత కాంతి కూడా రాలేదు. కుర్రాడు సూది తీయబోతే కసిరాడు. ఇత్తడి మెత్తన, సూది గుచ్చితే రంధ్రం పెద్దదై పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి దానితో తీశాడు. తర్వాత స్ప్రే, ఆపైన గాలి. గాలి పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూ విప్పే ముందు ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి, బిగించేటప్పుడు సరిగ్గా అక్కడికే తెచ్చాడు. ఇలాంటి శ్రద్ధ చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

ట్యాంకు కడగడం, కొత్త ట్యాపు, మూత రబ్బరు, మజూరీ అన్నీ కలిపి ఆరు వందల లోపే తీసుకున్నాడు. పాత సామాను కవరులో వేసి ఇచ్చాడు. ఇప్పుడు చలిలో కూడా చోక్ వేసి ఒకటి రెండు కిక్కులు కొడితే లేస్తోంది, స్లోలో నిలబడుతోంది.

ఇబ్బందులూ ఉన్నాయి. బండి వెంటనే కావాలంటే అక్కడికి వెళ్లకండి, ఆయన తొందరపడే మనిషి కాదు. కూర్చోవడానికి చోటు లేదు, బిల్లు ఇవ్వరు. 2020 నుంచి తప్పనిసరైన బీఎస్6 పొగ నిబంధనలతో వచ్చిన ఇంజెక్షన్ బళ్ల స్టార్టింగ్ సమస్యలు ముట్టుకోడు. వాటికి కార్బురేటరే ఉండదు, పెట్రోలు పంపు కరెంటు మీద నడుస్తుంది, స్కానర్ పెట్టి చూడాలి. ఆ మాట ఆయనే చెప్పి కంపెనీ సర్వీసుకు వెళ్లమంటాడు. కార్బురేటర్ బండి ఉండి, పొద్దున్నే కిక్కులతో అవస్థ పడుతున్నవాళ్లు మాత్రం ఇంజన్ విప్పించే ముందు ఒక రాత్రి అక్కడ పెట్టి చూడండి. సాయంత్రం ఆరు లోపు వెళ్తేనే బండి లోపల పెట్టుకుంటారు.