ఆటుపోట్ల లెక్కకు యూటైడ్: ఆరేళ్ల వాడకం తర్వాత

తూర్పు తీరంలో చిన్న జెట్టీలు కట్టేవారికి నీటి మట్టాల లెక్కలు తయారుచేసి ఇవ్వడం నా పని. అందుకు ఆరేళ్లుగా యూటైడ్‌నే వాడుతున్నాను. డేనియల్ కోడిగా 2011లో మ్యాట్‌ల్యాబ్ అనే గణన సాఫ్ట్‌వేర్ కోసం రాసిన ఈ ప్రోగ్రామ్‌కు తర్వాత పైథాన్ భాషలో రూపం వచ్చింది. నేను వాడేది ఉచితంగా దొరికే ఆ రూపాన్నే. నీటి మట్టాలు, కొలిచిన సమయాలు, ఆ చోటి అక్షాంశం ఇస్తే చాలు, 12.42 గంటల చాంద్ర పోటు, 12 గంటల సౌర పోటు వంటి అంశాలను విడదీసి, ఒక్కోదాని ఎత్తునూ దశనూ (ఆ పోటు ఏ వేళకు గరిష్ఠానికి చేరుతుందో చెప్పే కోణం), వాటిలో ఎంత తేడాకు అవకాశముందో కూడా చూపుతుంది. తర్వాత వాటినే కూడి రాబోయే రోజుల మట్టం చెబుతుంది. 1879లో భారత రేవుల కోసం ఎడ్వర్డ్ రాబర్ట్స్ రూపొందించిన చక్రాల యంత్రం చేసిందీ ఈ కూడికే.

నాకు బాగా నచ్చింది ఖాళీలను సహించే గుణం. రేవులో నీటి మట్టం కొలవడానికి పెట్టిన గేజి నెలంతా ఆగకుండా పనిచేయడం అరుదు. బ్యాటరీ అయిపోతుంది, లేదా పడవ తగిలి స్టాండు ఒరుగుతుంది. ఇదే పని చేసే పాత ప్రోగ్రామ్ టీ-టైడ్‌కు కొలతలను సమాన వ్యవధుల్లో పేర్చి ఇవ్వాల్సి వచ్చేది. యూటైడ్‌కు ఆ పట్టింపు లేదు. తప్పుడు కొలతల ప్రభావాన్ని తగ్గించే 'రోబస్ట్' పద్ధతి కూడా ఉంది కానీ, పైథాన్ రూపంలో దాన్ని మనమే అడిగి తీసుకోవాలి.

నేను దెబ్బతిన్నది ట్రెండ్ దగ్గర, అంటే సగటు మట్టం కాలంతో పాటు ఒకే తీరున పెరుగుతోందో తరుగుతోందో చూపే గీత దగ్గర. ఒక రేవులో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తీసిన కొలతలతో మరుసటి మార్చి అంచనా వేస్తే, నీరు జెట్టీ గట్టు దాటి పైకెక్కినట్టు గీత వచ్చింది. నిజానికి మన తీరంలో ఏడాది మొత్తం మీద మట్టం బాగా పడిపోయేది మార్చి ప్రాంతంలోనే. గాలుల వల్ల, ప్రవాహాల వల్ల బంగాళాఖాతం అక్టోబరు, నవంబరు దాకా ఉబ్బుతుంది; ఆ ఉబ్బును ప్రోగ్రామ్ శాశ్వతమైన పెరుగుదల అనుకుని ముందుకు సాగదీసింది. ట్రెండ్‌ను లెక్కలో చేర్చడం దాని సహజ అమరిక. చూడకుండా నడిపిన తప్పు నాది. ఇప్పుడు ఏడాదికి తక్కువ కొలతలుంటే ముందు దాన్ని ఆపేస్తాను.

సమయం విషయంలో ఇంకో మెలిక ఉంది. ఇచ్చిన సమయాలు గ్రీనిచ్ ప్రకారమే ఉన్నాయని ప్రోగ్రామ్ అనుకుంటుంది. భారత కాలమానంలో కొలతలిచ్చి, అదే కాలమానంలో అంచనా అడిగితే పోటు వేళలు దాదాపు సరిగ్గానే వస్తాయి కాబట్టి తప్పు బయటపడదు. గ్రీనిచ్ సమయం ప్రకారం అచ్చయిన స్థిరాంకాలతో (ఆ రేవుకు లెక్కగట్టిన పోటు ఎత్తులు, దశలు) పోల్చినప్పుడే ప్రధాన చాంద్ర పోటు దశ 159 డిగ్రీలు పక్కకు జరిగి కనిపిస్తుంది. అయిదున్నర గంటల తేడా ఖరీదు అది.

కొలతల నిడివి గురించి కూడా చెప్పాలి. ప్రధాన చాంద్ర, సౌర పోట్లు విడివడాలంటే దాదాపు 15 రోజులు కావాలి. రోజుకొకసారి వచ్చే కె1, పి1 అనే పోటు అంశాలు విడివడటానికి ఆరు నెలలు పడుతుంది. నెల రోజుల కొలతలిస్తే ప్రోగ్రామ్ పి1ను తానే వదిలేస్తుంది, అది నిజాయితీ. తుఫాను మాత్రం దీని పరిధిలోకి రాదు. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీరు సుమారు సెంటీమీటరు లేస్తుంది, గాలి తోపు దానికి అదనం. అందుకే నా నివేదికల్లో సూర్యచంద్రుల పోటును ఒక వరుసలో, ఆ నెల సగటు మట్టాన్ని వేరే వరుసలో చూపిస్తున్నాను.