పాత స్విఫ్ట్‌కు ఎల్‌ఈడీ పగటి దీపాలు: నాలుగు ఎండాకాలాల వాడకం తరువాత

తిరుపతిలో ఇల్లు, చిత్తూరులో ఉద్యోగం ఉన్నవాడికి రహదారి మీద ఒక సుఖం ఉంది. పొద్దున నైరుతి దిక్కుగా వెళతాడు కాబట్టి సూర్యుడు వీపు వెనక ఉంటాడు. సాయంత్రం ఈశాన్యంగా తిరిగి వస్తాడు కాబట్టి అప్పుడూ వెనకే ఉంటాడు. ఎండ కళ్లలో పడదు గనుక ప్రయాణం హాయిగా తోస్తుంది. అయితే పనపాకం దగ్గరో పూతలపట్టు దగ్గరో డివైడర్ సందులో రోడ్డు దాటడానికి ఆగిన ట్రాక్టరు డ్రైవరు, సర్వీసు రోడ్డులోంచి రాంగ్ రూట్లో ఎక్కబోతున్న బైకు మనిషి తల తిప్పి చూసేది సరిగ్గా ఆ సూర్యుడి వైపే. ఆ వెలుగులో ముదురు బూడిద రంగు కారు దగ్గరికి వచ్చేదాకా నల్లని ఆకారంగా మాత్రమే కనిపిస్తుంది. కంపెనీ నుంచి డీఆర్‌ఎల్‌లు (పగలు వెలిగే దీపాలు) లేకుండా వచ్చిన నా 2015 మోడల్ స్విఫ్ట్‌కు బయట మార్కెట్లో కొని వాటిని బిగించుకోవడానికి కారణం ఇదే.

పగలు హెడ్‌లైట్లే వేసుకుని పోతే సరిపోదా అని చాలామంది అడిగారు. పనికి అదీ సరిపోతుంది. కాని ఈ కారులో ఉన్నవి హాలోజెన్ బల్బులు. లో బీమ్‌లో ఒక్కొక్కటి 55 వాట్లు తాగుతుంది, వాటితోపాటు వెనక దీపాలు, నంబరు ప్లేటు దీపం కూడా వెలుగుతాయి. నేను పెట్టిన ఎల్‌ఈడీ జత మొత్తం కలిపి ఒక ఆంపియరు లోపే తీసుకుంటుంది. పైగా హెడ్‌లైటు వెలుగును రోడ్డు మీదికి దించి పంపుతారు, ఎదుటివాడి కంటిని తప్పించడం దాని ధర్మం. డీఆర్‌ఎల్ మాత్రం ఎదుటివాడి కంటికి కనబడడానికే ఉన్నది. ఐక్యరాజ్య సమితి యూరప్ ఆర్థిక సంఘం వారి 87వ రెగ్యులేషన్ ప్రకారం దాని తీవ్రత మధ్య అక్షం మీద 400 కాండెలాలకు తగ్గకూడదు, 1200కు మించకూడదు. రంగు తెలుపే ఉండాలి. అమర్చే చోటుకు 48వ రెగ్యులేషన్ కొలతలు ఇస్తుంది: నేల నుంచి 250 మి.మీ.కు పైన, 1500 మి.మీ.కు లోపల, రెండు దీపాల నడుమ కనీసం 600 మి.మీ. ఎడం. బజారులో అమ్మే జతల్లో ఎక్కువ వాటి పెట్టె మీద ఈ సంఖ్యల ఊసే ఉండదు. దీపం అద్దం మీద పగటి దీపమని తెలిపే 'ఆర్ఎల్' అన్న గుర్తు, ఆమోదం పొందిందని తెలిపే, వృత్తంలోని ఇంగ్లీషు 'ఈ' అక్షరం ముద్రించి ఉన్న జత కోసం నేను తిరుపతిలో కొన్ని యాక్సెసరీ దుకాణాలు తిరగవలసి వచ్చింది. అమ్మేవారికి ఆ గుర్తు సంగతి తెలియదు, రంగులు మారే పట్టీల సంగతి మాత్రం బాగా తెలుసు.

ఆ పట్టీల గురించి నా అభిప్రాయం దాచుకోను. హెడ్‌లైటు అంచు వెంట జిగురుతో అతికించే సిలికాన్ పట్టీలు మొదటి ఎండాకాలంలోనే పసుపు తిరుగుతాయి, రెండో ఎండాకాలానికి ఒక కొస ఊడి వేలాడుతుంది. మా వీధిలోనే అలాంటివి నాలుగైదు కార్లకు చూశాను. ఇండికేటరు వేసినప్పుడు నారింజ రంగు పరుగెత్తే రకంలో మరో చిక్కు ఉంది: కారు అసలు ఇండికేటరు ఒక లయలో, పట్టీ మరో లయలో కొట్టుకుంటాయి, ఎదుటివాడికి ఏది నమ్మాలో తెలియదు. నేను తీసుకున్నది ఫాగ్ లైట్లు లేని వేరియంట్లలో బంపరు అడుగున ఉండే నల్ల మూత స్థానంలో కూర్చునే రకం. వెనక అల్యూమినియం పలక ఉన్నది, బరువుగా ఉన్నది. బంపరుకు కొత్త రంధ్రం వేయవలసిన పని లేదు, అక్కర్లేదనుకున్న నాడు పాత మూత తిరిగి పెట్టుకోవచ్చు.

దీపాల కంటే వైరింగే ముఖ్యమని ఇన్నేళ్ల తరువాత గట్టిగా చెప్పగలను. మామూలుగా షెడ్లలో చేసే పద్ధతి ఏమిటంటే, పార్కింగ్ లైటు తీగ ఇన్సులేషన్ గీకి, దానికి కొత్త తీగ చుట్టి, నల్ల టేపు వేసి పంపుతారు. అలా కలిపితే పార్కింగ్ లైటు వేసినప్పుడే డీఆర్‌ఎల్ వెలుగుతుంది, అంటే పగలు ఆరిపోయి ఉంటుంది, రాత్రి పూర్తి వెలుగుతో ఎదుటివాడి కళ్లు పొడుస్తుంది. కావలసిన దానికి సరిగ్గా తలకిందులు. రెండో పద్ధతి, బ్యాటరీకి నేరుగా కలిపే చిన్న కంట్రోలర్ పెట్టె. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ వల్ల వోల్టేజి 12.6 నుంచి 14 దాకా పెరగడం పసిగట్టి అది దీపాలు వెలిగిస్తుంది. బిగించడం తేలికే, కాని బండి ఆపిన తరువాత కూడా ఆ పెట్టె ఎప్పుడూ కొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటుంది. వారాల తరబడి కారు కదలని ఇళ్లలో అది బ్యాటరీకి మంచిది కాదు.

నేను ఎంచుకున్నది మూడోది, పాతదీ నమ్మకమైనదీ అయిన రిలే (చిన్న కరెంటు సంకేతంతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పద్ధతి. బ్యాటరీ నుంచి 5 ఆంపియర్ల ఫ్యూజు గుండా రిలే 30వ కాలుకు, 87వ కాలు నుంచి దీపాలకు సరఫరా. ఇగ్నిషన్ తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే ఫ్యూజు నుంచి, తీగ కొయ్యకుండా ఫ్యూజు గూటిలో గుచ్చే ట్యాప్‌తో, 86వ కాలుకు సంకేతం. 85వ కాలు బాడీ ఎర్త్‌కు. దీపాలకు ఎరుపు, నలుపు తీగలతోపాటు మూడో తీగ ఒకటి వస్తుంది, దాన్ని పార్కింగ్ లైటు సంకేతానికి కలిపితే రాత్రి వెలుగు తనంతట తాను బాగా తగ్గుతుంది. ఈ మూడో తీగ రంగు ఒక్కో తయారీలో ఒక్కో రకంగా ఉంటుంది గనుక రంగు చూసి కలపకుండా మల్టీమీటరుతో సరిచూసుకోవాలి. అతుకుల దగ్గర టేపు బదులు వేడికి ముడుచుకునే స్లీవులు వేయించాను, ఎర్త్ తీగ చివర థింబుల్ కొట్టించి, పెయింటు గీకిన బోల్టు కింద బిగించాం. తీగలన్నీ రేడియేటరు ఫ్యానుకు, ఎగ్జాస్టుకు దూరంగా ముడతల గొట్టంలో నడిచాయి. నేను పక్కన నిలబడి చెబుతుంటే మెకానిక్కు ముందు విసుగు పడ్డాడు, చివరికి "సార్, ఇట్ల చేస్తే మళ్ళీ మా దగ్గరికి ఎందుకొస్తారు" అని నవ్వాడు. జతకు 2500 రూపాయలు, రిలే, తీగలు, కూలి కలిపి మరో 1800 అయ్యాయి. ఆ రెండో మొత్తంలో బేరమాడవద్దని నా సలహా.

ఇక వాడకంలో తేలిన సంగతులు. నడి మధ్యాహ్నం వీటి ప్రయోజనం చాలా తక్కువ. పగటిపూట దీపాలను 1977లోనే తప్పనిసరి చేసిన స్వీడన్‌లో చలికాలం సూర్యుడు ఆకాశపు అంచున ఉంటాడు. మనం పదమూడున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం, ఏప్రిల్ చివరన సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ ఎండలో నూరు గజాల అవతల నిలబడి నా కారునే చూసుకున్నాను, దీపాలు వెలుగుతున్నాయని తెలుస్తుందే తప్ప అవి కంటిని లాగవు. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగున్నర దాటాక పరిస్థితి వేరు. అన్నింటికంటే ఎక్కువ తేడా కనిపించింది పీలేరు దారిలో భాకరాపేట ఘాట్‌లో. అక్కడ చెట్ల నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి నీడలోకి క్షణక్షణం మారుతూ మలుపులు తిరగాలి, ఎదురుగా లారీని దాటబోయేవాడికి నీడలో ఉన్న కారు ఆనదు. దీపాలు పెట్టాక ఓవర్‌టేక్‌కు పక్కకు వచ్చినవారు తొందరగా వెనక్కి తగ్గుతున్నారని నాకు అనిపిస్తుంది. దీన్ని లెక్క కట్టి నిరూపించలేను. తిరుమల కొండ మీదికి పోయేవారే వీటిని ఎక్కువ మోజుగా పెట్టించుకుంటారు గాని, ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఒక దారి ఉన్న ఆ ఘాట్లలో ఎదురు వాహనమే రాదు.

ఒక ప్రమాదం మాత్రం ఉంది. డీఆర్‌ఎల్ వెలిగితే వెనక దీపాలు వెలగవు. వాన ముసురుకున్నప్పుడు, పలమనేరు వైపు డిసెంబరు పొగమంచులో, ముందు కారు బూట్ మీద తన తెల్లని వెలుగు చూసుకుని డ్రైవరు లైట్లు వేసుకున్నానని భ్రమపడతాడు, వెనకవాడికి బండి చీకటిగానే ఉంటుంది. మా అబ్బాయి కారు తీసుకున్నప్పుడల్లా ఇది గుర్తు చేస్తాను.

మన్నిక విషయంలో ఈశాన్య రుతుపవనాలే అసలు పరీక్ష. రెండో ఏడు నవంబరు వానలకు ఎడమ దీపం లోపల చెమ్మ పట్టింది, అద్దం మీద నీటి బిందువులు నిలిచాయి. దుమ్ము, నీరు చొరబడవని చెప్పే ఐపీ67 గుర్తు పెట్టె మీద అచ్చు వేసిన సరుకే అది. విప్పి ఎండలో ఆరబెట్టి, అంచు చుట్టూ సిలికాన్ సీలెంటు పూసి తిరిగి బిగించాం. ఆ తరువాత మళ్ళీ రాలేదు. కుడి దీపంలో ఎల్‌ఈడీ ఒకటి ఆరిపోయింది, మిగిలినవి వెలుగుతున్నాయి కాబట్టి దూరం నుంచి తెలియదు. అద్దం కొంచెం మసకబారింది, రంగు మారలేదు. కారులోని ఎఫ్‌ఎంలో మొదట్లో సన్నని గరగర వినిపించేది, దీపాల తీగకు ఫెర్రైటు క్లిప్పు వేశాక తగ్గింది. రిలే, ఫ్యూజు ఇంతవరకు ముట్టుకోవలసిన అవసరం రాలేదు.

చట్టం సంగతి అడిగేవారున్నారు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని చెబుతుంది; ముందు వైపుకు ఎర్రని వెలుగు చూపడాన్ని కేంద్ర నియమావళి 108వ నియమం నిషేధిస్తుంది. నిలకడైన తెల్లని దీపాల కోసం నన్ను ఇంతవరకు ఎవరూ ఆపలేదు, కాని అది అనుమతి పత్రం కాదు. వారంటీ ఉన్న కారుకు తీగ తాకించే ముందు సర్వీసు కేంద్రంలో రాతపూర్వకంగా అడగడం మేలు. ఎదురుగా వచ్చేవాళ్లు పిడికిలి మూసి తెరిచి "లైటు వెలుగుతోంది" అని సైగ చేయడం మాత్రం ఇప్పటికీ తప్పలేదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులన్నింటికీ హెడ్‌లైటు ఆరకుండా వస్తున్నా ఆ అలవాటు పోలేదు. ఈ దీపావళి దాటాక కుడి దీపం మార్చాలి, ఆ ఒక్కటి విడిగా అమ్మరట, జతే కొనాలి.