విదర్భలోని ఒక ఫ్లయింగ్ స్కూలు: ఒక తండ్రి అభిప్రాయం

బల్లార్షా నుంచి మా అబ్బాయిని చేర్పించిన ఈ స్కూలులో పాఠాలు మెచ్చదగినవి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరీక్షల్లో 70 శాతం మార్కులు రావాలి కనుక నావిగేషన్, వాతావరణశాస్త్రం అర్థమయ్యేవరకు విడిచిపెట్టరు. అయితే కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కావలసిన 200 గంటల ఫ్లయింగ్, అందులో పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యతంతా తనదే అయిన పైలట్‌గా) 100 గంటలు, 300 నాటికల్ మైళ్లకు (దాదాపు 555 కిలోమీటర్లకు) తగ్గని ఒక ప్రయాణం, రాత్రివేళ 5 గంటలు, ఇవన్నీ ఏడాదిలో పూర్తవుతాయని నమ్మబలికినవారు, వానాకాలంలో మబ్బులు కమ్మితే శిక్షణ విమానం కదలదని మాత్రం చెప్పలేదు. విమానాలు తక్కువ, వరుసలో ఉన్నవారు ఎక్కువ. (జూలైలో మావాడు ఎగిరినదానికంటే హాస్టల్లో కేరమ్స్ ఆడిందే ఎక్కువ.) రుసుము కట్టేముందు ఒక్కో విమానానికి ఎందరు విద్యార్థులున్నారో తప్పక అడగండి, ఎయిర్‌లైన్ విమానాలకు కెప్టెన్ కావడానికి ఉండవలసిన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు అవసరమైన 1500 గంటల సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.