తప్పిన ఎత్తును వదలకుండా అడిగే చదరంగం కోర్సు: పద్నాలుగు నెలల తర్వాత

రూక్ ఎండ్‌గేమ్‌ల (ఆట చివర రాజులు, రూక్‌లు, కొద్ది బంటులే మిగిలే దశ) మీద ఒక ఆన్‌లైన్ కోర్సు కొని పద్నాలుగు నెలలైంది. వీడియోలు బాగానే ఉన్నాయి, వాటి సంగతి ఇక్కడ చెప్పను. నన్ను కట్టిపడేసింది తప్పిన స్థితిని, అంటే బోర్డు మీది పావుల అమరికను, తిరిగి తిరిగి అడిగే పద్ధతి. సరిగ్గా ఆడిన స్థితి మరునాడు, ఆపై మూడు రోజులకు, వారానికి, రెండు వారాలకు ఎడం పెంచుకుంటూ వస్తుంది. ఒక్కసారి తప్పితే మాత్రం మళ్ళీ మొదటికి వస్తుంది.

నేను పదేపదే తప్పింది ఫిలిడోర్ రక్షణలో. 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు, సంగీతకర్త ఫిలిడోర్ పేరుతో ప్రసిద్ధమైన ఈ స్థితిలో, బంటు తక్కువైనవాడు ఎదుటి బంటు మంత్రి అయ్యే గడి దగ్గర తన రాజును నిలిపి, రూక్‌ను (మా నాన్నగారు ఎప్పుడూ ఏనుగనే అనేవారు) తన వైపు నుంచి మూడో వరుసలో కాపలా ఉంచాలి. ఎదుటి రాజు ఆ వరుసలో అడుగుపెట్టలేడు. బంటే అక్కడికి జరిగిన తర్వాత రూక్ అవతలి చివరి వరుసకు వెళ్ళి వెనుక నుంచి చెక్‌లు ఇవ్వాలి. అప్పటికి ఆ రాజుకు తలదాచుకునే చోటుండదు. ఓపిక చాలక నేను ప్రతిసారీ ముందే రూక్‌ను తీసేసేవాడిని. విజయనగరం నుంచి బొబ్బిలికి ఉద్యోగానికి వెళ్ళే రైల్లో, గజపతినగరం దాటేలోపు, అదే స్థితి, అదే ఎర్ర గుర్తు.

మొన్న వేసవిలో విశాఖలో ఆడిన టోర్నమెంటు ఐదో రౌండులో సరిగ్గా ఆ స్థితే నా బోర్డు మీదకు వచ్చింది. ఎదుట కూర్చున్న కుర్రవాడు బంటును జరపకుండా, రాజును అటూ ఇటూ తిప్పుతూ తొమ్మిది ఎత్తులు కాలం గడిపాడు. నా గడియారంలో రెండు నిమిషాలు కూడా లేవు. రూక్‌ను వెనక్కి పంపాలని మనసు లాగినప్పుడల్లా ఆ ఎర్ర గుర్తు కళ్ళముందు మెదిలింది. అదే వరుసలో ఒక గడి పక్కకు జరిపి ఊరుకున్నాను. చివరికి అతడు బంటును తోశాడు, నా రూక్ చివరి వరుసకు చేరింది, ఐదారు చెక్‌ల తర్వాత డ్రాకు చేయి చాపాడు. స్కోరు షీటు మీద సంతకం చేస్తుంటే నా అక్షరాలు వంకరపోయాయి.

అయితే ఆ పద్ధతికే ఒక లోపమూ ఉంది. మూడో వరుసలో ఏ గడిలో ఆగినా ఫలితం మారని చోట కూడా కోర్సు ఒక్క గడినే ఒప్పుకుని మిగతావాటిని తప్పంటుంది. దాంతో కారణం కన్నా గడి పేరే గుర్తుండిపోయే ప్రమాదం ఉంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఇంటి నిండా బంధువులుండగా వారం రోజులు తెరవలేదు; తెరిచేసరికి 212 స్థితులు పేరుకుపోయి ఉన్నాయి. వాటిలో సగం ఆలోచించకుండానే నొక్కేశానని ఒప్పుకోవాలి.

రోజూ రైల్లో తీరిక దొరికే, నిదానంగా ఆడే నాకు పెట్టిన డబ్బుకు న్యాయం జరిగింది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి రెండు వారాలకే మానేసింది. ఎదురుగా కూర్చుని ఆడించే మాస్టారే ఆమెకు సరిపడ్డారు. నేనిప్పుడు రాత్రిపూట చెక్క బోర్డు మీద పావులు పేర్చి, ఎత్తుకు కారణం పైకి చెప్పుకుని, ఆ తర్వాతే ఫోను తీస్తున్నాను.