యమహా ఆర్‌ఎక్స్ 100: ఏళ్ల తరబడి నడిపాక

"బండి ఇస్తారా అన్నా?" అని పెట్రోల్ బంకులో అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. 1996లో తయారీ ఆగిపోయిన 98 సీసీ బండికి షోరూమ్‌లోని కొత్త బండి ధర పలుకుతోంది. నీటుగా ఉంటే ఇంకా ఎక్కువే. చాలా ఏళ్లుగా నడుపుతున్నాను కాబట్టి ఆ ధరలో న్యాయమెంతో, మోజెంతో చెప్తాను.

అందరూ సౌండ్ గురించే మాట్లాడతారు. నా లెక్కలో అసలు సంగతి బరువు. వంద కిలోల చిల్లర బండికి 11 హార్స్‌పవర్. 1985లో యమహాతో కలిసి ఎస్కార్ట్స్ కంపెనీ వాళ్లు దీన్ని మన దగ్గర తెచ్చిన ఏడాదే హీరో హోండా సీడీ 100 కూడా వచ్చింది. అదీ వంద సీసీయే, కానీ ఏడు హార్స్‌పవర్ చిల్లర. సీడీ 100 లాంటి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో రెండు చుట్లకోసారి పేలే పెట్రోలు, టూ స్ట్రోక్ అయిన ఇందులో చుట్టు చుట్టుకీ పేలుతుంది. పైగా కార్బొరేటర్ దగ్గరున్న రీడ్ వాల్వ్ అనే చిన్న రేకు తలుపు లోపలికి వెళ్లిన పెట్రోలు-గాలి మిశ్రమాన్ని వెనక్కి రానివ్వదు. అందుకే తక్కువ స్పీడులోనూ లాగుడు ఉంటుంది. సెకండ్ గేర్‌లో వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారి తిప్పితే ముందు చక్రం తేలికైపోవడం చేతులకు తెలుస్తుంది. ఇన్నేళ్లయినా నాకది పాతబడలేదు.

బ్రేకులు మాత్రం ఆ వేగానికి తగ్గవి కావు. రెండూ డ్రమ్ములే. వానలో ముందు బ్రేకును నమ్ముకోకూడదు. హెడ్‌లైట్ గురించి మాట్లాడకపోవడమే మంచిది. మైలేజీ నాకు 35 దాటితే పండగే.

ఇంజిన్ లోపలి భాగాలు అరగకుండా కాపాడే 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్ల ఆయిల్) పెట్రోల్లో కలిపి పోయాలి. ఇక్కడే కొత్తగా కొన్నవాళ్లు దెబ్బతింటారు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు యాక్సిలరేటర్ మూసేసి గేర్‌లోనే వదిలేస్తే చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతూనే ఉంటాయి, పెట్రోలు మాత్రం సరిగా వెళ్లదు. పెట్రోలు వెళ్లకపోతే ఆయిలూ వెళ్లదు, పిస్టన్ పట్టేస్తుంది. అరకు నుంచి దిగుతున్నంతసేపూ మధ్యమధ్యలో క్లచ్ పట్టి కొంచెం రేజ్ ఇస్తూ వస్తాను. ఆయిల్ ఎక్కువ కలిపితే ఇంకో బాధ: సైలెన్సర్‌లో మసి పేరుకుని బండి మొద్దుబారుతుంది. లోపలి పైపు ఊడదీస్తే నల్లటి జిగురు మసి అట్టలుగా కట్టి ఉంటుంది. దాన్ని కాల్చి, గీకి, మళ్లీ బిగించాక బండి లాగుడు చూడాలి!

బోర్ కొట్టించింది, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడను కొంచెం పెద్దగా చెక్కించింది, బెజవాడ ఆటోనగర్‌లో. ఒరిజినల్ బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 50 మిల్లీమీటర్లు. అరిగిన ప్రతిసారీ పావు మిల్లీమీటర్ చొప్పున ఓవర్‌సైజ్ పిస్టన్‌కి వెళ్తారు. నాలుగో సైజు దాటాక స్లీవ్ (సిలిండర్ లోపలి గొట్టం) మార్చడమో, వేరే బ్లాక్ (మొత్తం సిలిండర్) వెతుక్కోవడమో తప్పదు. మార్కెట్లో డూప్లికేట్ బ్లాకులకు కొదవ లేదు. అసలుది దొరకడమే కష్టం, దొరికితే అమ్మేవాడిదే రాజ్యం.

పాత బండ్లు సేకరించేవాళ్లు వెతికేది సరిగ్గా ఈ అసలుదనాన్నే. మొదట్లో జపాన్ విడిభాగాలతో బిగించిన బండ్లకు ఎనలేని గిరాకీ. ఇంజిన్ నంబరు 1ఎల్1తో మొదలవ్వాలి, ఆర్‌సీతో కలవాలి, కంపెనీ సైలెన్సర్ ఉండాలి, వీలైతే పాత పెయింటే ఉండాలి. ఇది అర్థం చేసుకోదగ్గ పిచ్చే. కానీ రీపెయింట్ కొట్టి, క్రోమ్ తళతళలాడించి, లోపల యమహాదే ఇంకో మోడల్ ఆర్‌ఎక్స్ 135 ఇంజిన్ పెట్టిన బండికి అదే ధర చెప్పడం నాకు మింగుడుపడదు. నడపడానికి ఆ 135 బాగానే ఉంటుంది, అది వేరే మాట. ఆర్‌ఎక్స్ 100 ధరకు మాత్రం కొనకండి. హాల్లో పెట్టి చూసుకోవడానికైతే అసలే వద్దు. నెలల తరబడి నిలబెడితే కార్బొరేటర్ జామ్, ఆయిల్ సీళ్లు ఎండిపోవడం. ఈ బండి నడిస్తేనే బాగుంటుంది.

కొనాలనుకుంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే వేడిచేసి ఉంచారంటే స్టార్టింగ్ ట్రబుల్ ఉందేమో అనుకోండి. కిక్ రాడ్‌ను చేత్తో మెల్లగా నొక్కితే కంప్రెషన్ (సిలిండర్ లోపలి గాలి ఒత్తిడి) గట్టిగా తగలాలి. ఏ సైజు పిస్టన్ ఉందో అడగండి. ఆర్‌సీ రెన్యువల్ తేదీ చూడండి. ఇంజిన్ నంబరు దగ్గర గ్రైండింగ్ గీతలు కనిపిస్తే మాత్రం బేరం కూడా ఆడకుండా వచ్చేయండి.