వైమార్‌లో గోథే ఇల్లు, తప్పకుండా చూడాల్సిన మ్యూజియం

జర్మనీ టూర్ అంటే మనోళ్లు బెర్లిన్, మ్యూనిక్ చూసి వచ్చేస్తారు, దయచేసి ఒక్కరోజు వైమార్‌కి పెట్టుకోండి. ఫ్రావెన్‌ప్లాన్ అనే కూడలిలో జర్మన్ మహాకవి గోథే దాదాపు 50 ఏళ్లు ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం, 1832లో ఆయన పోయింది కూడా ఇందులోనే. వైమార్ క్లాసిసిజం (గోథే, ఆయన మిత్రుడైన కవి, నాటకకర్త షిల్లర్ ప్రాచీన గ్రీకు, రోమన్ కళల ఆదర్శంతో ఈ ఊళ్లో నడిపిన సాహిత్య ఉద్యమం) అని పుస్తకాల్లో చదివితే ఏదో సిలబస్ లాగా ఉంటది గానీ ఈ ఇంట్లో తిరిగితే వాళ్ల తపనేంటో తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది మెట్లు. గోథే 1786లో ఇటలీ వెళ్లి రెండేళ్లకి తిరిగొచ్చాక పాత మెట్లు తీయించేసి ఇవి కట్టించాడు, బాగా వెడల్పు, ఒక్కో మెట్టు ఎత్తు చాలా తక్కువ, పక్కన శిల్పాలు, ఎక్కుతుంటే నడక దానంతటదే నెమ్మదిస్తుంది. తొందర లేకుండా, కొలతగా, అందంగా బతకాలన్న వాళ్ల సిద్ధాంతం మొత్తం ఆ మెట్లలోనే ఉందనిపించింది. పైన గదికో రంగు, 1810లో రంగుల మీద పెద్ద గ్రంథమే రాసిన మనిషి కదా. జూనో గదిలో నీలం గోడల మధ్య జూనో అనే రోమన్ దేవత తల శిల్పం ఎంత పెద్దదో, చూడాల్సిందే.

ఇదంతా వచ్చేపోయే అతిథుల కోసం. వెనకవైపు రాసుకునే గది చూడండి, సోఫా లేదు, ఆడంబరం లేదు, మధ్యలో ఒక బల్ల, ఆయన అటూ ఇటూ నడుస్తూ చెప్తుంటే రాయసగాడు రాసేవాడు, ఆయన గొప్ప నాటకం ఫౌస్ట్ రెండో భాగం 1831లో పూర్తి చేసింది ఇక్కడే. పక్కనే చిన్న పడకగది, చివరి ఊపిరి వదిలిన కుర్చీ అందులోనే ఉంది. గుమ్మం దగ్గర్నుంచే చూడనిస్తారు, అయినా కదలబుద్ధి కాలేదు. మన శాకుంతలాన్ని జర్మన్‌లో చదివి మురిసిపోయి 1791లో పద్యం రాసింది ఈయనే, ఫౌస్ట్ మొదట్లో వచ్చే నాటకశాల సీన్‌కి కూడా మన సూత్రధారుడే ప్రేరణ అంటారు.

ఒక్క గోథే ఇల్లు చూసి ఆగిపోవద్దు. ఈ ఉద్యమానికి ప్రాణం 1794 నుంచి 1805 దాకా ఆయనకీ షిల్లర్‌కీ నడిచిన స్నేహం, షిల్లర్ 1802లో కొనుక్కున్న ఇల్లు నడిచి వెళ్లేంత దగ్గరే, పాపం అందులో మూడేళ్లే ఉన్నాడు, 45 ఏళ్లకే పోయాడు. టైం ఉంటే ఊరి బయట కొండ మీద బుకెన్‌వాల్డ్ నాజీ క్యాంపుకీ వెళ్లండి, గోథే షిల్లర్ ఊరి పక్కనే అంత ఘోరం ఎలా జరిగిందన్న ప్రశ్నని తప్పించుకుని రాకూడదు.

నా రేటింగ్ ఐదుకి ఐదు. సోమవారం మూసేస్తారు, చూసుకుని వెళ్లండి.